ఏడవొద్దంటే దిగులు ఆగదు: కడుపుతో ఉన్నప్పుడు మనసును సంభాళించుకోవడం నేర్పాలి

పోయిన ఏడాది ఒకరోజు పొద్దున, తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటర్ బయట బెంచీ మీద కూర్చుని ఒకమ్మాయి ఏడుస్తోంది. ఏడో నెల, తొలి కాన్పు. పుత్తూరు అవతల ఏదో పల్లె నుంచి తొలి బస్సుకు అమ్మతో వచ్చింది. భర్తకు శ్రీపెరుంబుదూరులో కంపెనీ పని, సెలవు దొరకలేదు. రిపోర్టులో ఉమ్మనీరు కొంచెం తక్కువగా ఉందని వచ్చింది. నీళ్లు బాగా తాగమని, వారం తర్వాత మళ్లీ చూద్దామని డాక్టరు చెప్పారు. ఆ 'కొంచెం' అన్న మాట మాత్రం ఆమె చెవికెక్కలేదు.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు మంచి మనసుతోనే ఓదార్చారు. "ఊరుకోమ్మా, కడుపుతో ఉండి ఏడిస్తే బిడ్డకు తగులుతుంది" అని ఒక పెద్దావిడ అంది. "బిడ్డ కోసమన్నా నవ్వుతా ఉండల్ల" అని ఇంకొకామె. ఆ అమ్మాయి చున్నీతో ముఖం తుడుచుకుంది. ఏడుపు ఆగింది. కానీ ఊపిరి పైపైనే ఆడటం మొదలైంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని అమ్మకు చెప్పింది. అప్పటిదాకా ఆమెకు ఉన్నది ఒకటే భయం, నీరు తక్కువైందని. ఇప్పుడు రెండయ్యాయి. ఏడ్చి బిడ్డకు నేనే కీడు చేసుకున్నానేమో అన్నది రెండోది.

ఆ రెండో భయం మనం పెట్టింది. గర్భిణులతో మాట్లాడే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఇది నేను తరచూ చూస్తాను. ఈత రాని మనిషిని చూసి గట్టు మీద నుంచి "మునగొద్దు" అని అరిస్తే ఎంత ఉపయోగమో, దిగులుతో ఉన్న మనిషిని "సంతోషంగా ఉండు" అనడం కూడా అంతే ఉపయోగం. ఈత ఎవరైనా నేర్పాలి. మనసును సంభాళించుకోవడం కూడా అలా నేర్పితే వచ్చే పనే. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఈ మాట సంగతి

సైకాలజీలో దీన్ని ఎమోషన్ రెగ్యులేషన్ అంటారు. తెలుగులో 'భావోద్వేగ నియంత్రణ' అని రాస్తున్నాం. చిక్కంతా ఆ 'నియంత్రణ' దగ్గరే ఉంది. ఆ మాట వినగానే మనకు అణుచుకోవడం, పళ్ల బిగువున ఓర్చుకోవడం గుర్తొస్తాయి. మన ఇళ్లలో ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి నేర్పేది అదే కాబట్టి కొత్తగా నేర్పాల్సిందేమీ లేదనిపిస్తుంది. నేను 'సంభాళించుకోవడం' అన్న మాటే వాడతాను. ఏడ్చే పిల్లను సంభాళించేటప్పుడు మనం నోరు మూయం. ఎత్తుకుంటాం, ఆకలా, నిద్రా, చీమ కుట్టిందా అని చూస్తాం, వీపు నిమురుతాం. మన మనసుతో మనం చేసుకోవాల్సిందీ అదే.

పొయ్యి మీద పాలు పొంగుతుంటే మూత పెడితే ఏమవుతుందో పాడికి పేరున్న మన చిత్తూరు వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. మంట తగ్గించాలి, గరిటె తిప్పాలి, నీళ్లు చిలకరించాలి, లేదా దించేయాలి. అమెరికాలో జేమ్స్ గ్రాస్ అనే సైకాలజిస్టు 1998లో చెప్పిన లెక్క కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. ఉద్వేగం ఒక్కసారిగా వచ్చి పడదు, అంచెలంచెలుగా వస్తుంది, ప్రతి అంచె దగ్గరా మనం చేయగలిగింది ఒకటుంటుంది అంటాడాయన. కాన్పు కష్టాలు కథలు కథలుగా చెప్పే బంధువు ఇంటికి ఈ మూడు నెలలు పోకుండా ఉండొచ్చు. పోక తప్పకపోతే మాట మళ్లించవచ్చు. మళ్లకపోతే మన ధ్యాసను వేరే చోట పెట్టుకోవచ్చు. ఆమె చెప్పింది ఆమె కథ, నాది కాదు అని మరో కోణంలో చూసుకోవచ్చు. అన్నీ దాటి గుండె దడ వచ్చాక, ఆ దడను తగ్గించుకోవచ్చు. మొత్తం ఐదు చోట్లు. ముఖంలో కనపడనివ్వకుండా అణుచుకోవడం ఆ చివరి అంచెలోదే, పనికిరాని రకం. ముఖం మామూలుగా ఉన్నా లోపలి బాధ తగ్గదని, పైగా ఒంటి మీద ఒత్తిడి పెరుగుతుందని గ్రాస్ బృందం ప్రయోగాల్లోనే తేలింది.

బిడ్డకు తగులుతుందా?

ఈ ప్రశ్నకు సగం జవాబు చెప్పి వదిలేయడం వల్లే నష్టం జరుగుతోంది.

కడుపుతో ఉన్నప్పుడు నెలల తరబడి తీవ్రమైన దిగులు, ఆందోళన ఉండి, వాటికి వైద్యం అందకపోతే నెలలు నిండక ముందే కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువగా పుట్టడం లాంటి ముప్పు పెరుగుతుంది. ఇది నిజం. కానీ ఒక పూట ఏడ్చినందుకో, ఒక రాత్రి నిద్ర పట్టనందుకో బిడ్డకు ఏమీ కాదు. మనం టెన్షన్ పడినప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. గర్భం చివరి నెలలకు వచ్చేసరికి అది ఆరోగ్యంగా ఉన్న తల్లిలో కూడా మామూలు కంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. అది ఒళ్లు కాన్పుకు సిద్ధపడే తీరు. ఆ కార్టిసాల్ అంతా నేరుగా బిడ్డకు చేరకుండా మధ్యలో మాయ ఉంది. మాయలోని ఒక ఎంజైము దానిలో చాలా భాగాన్ని పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. అడ్డుగోడ పూర్తిగా గట్టిది కాదు, అందుకే నెలల తరబడి సాగే బాధను పట్టించుకోవాలంటున్నాం. కానీ ఆ గోడ ఉందన్న సంగతి ప్రతి గర్భిణికీ తెలియాలి. 'నా కన్నీళ్లు బిడ్డకు విషం' అనుకుంటూ బతికే తల్లికి ఆ ఒక్క మాట చెబితే భుజాలు కిందికి దిగడం నేను కళ్లారా చూశాను.

ఇది ఎవరికో అరుదుగా వచ్చే బాధ కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణుల్లో దాదాపు 10 శాతం, బాలింతల్లో 13 శాతం ఏదో ఒక మానసిక సమస్యతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో, బాధపడతారు. మనలాంటి దేశాల్లో అయితే గర్భిణుల్లో 15.6, బాలింతల్లో 19.8 శాతం. చెకప్‌కు వచ్చిన ఇరవై మందిలో ముగ్గురన్నమాట. బరువు చూస్తాం, బీపీ చూస్తాం, రక్తం తీస్తాం, బిడ్డ గుండె వింటాం. "మనసెట్లా ఉందమ్మా" అని అడగడం మాత్రం ఆ వరసలో ఇంకా చేరలేదు.

ఏమేం నేర్పాలి

అమెరికా సైకాలజిస్టు మార్షా లైనహాన్, చచ్చిపోవాలన్న ఆలోచనలతో సతమతమయ్యేవాళ్ల కోసం డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతి తయారుచేసి 1993లో పుస్తకంగా తెచ్చారు. దాని గొప్పతనం నా దృష్టిలో ఒకటే. మనసును సంభాళించుకోవడాన్ని వంట నేర్పినట్టు చిన్న చిన్న పనులుగా విడగొట్టింది. ఆ పనుల్లో కొన్నింటిని గర్భిణులకు సరిపోయేలా మార్చుకుని నేర్పవచ్చు.

మొదటిది పేరు పెట్టడం. "ఎట్లుంది?" అని అడిగితే మన ఆడవాళ్లు చెప్పే జవాబు "ఏమో, ఎట్లో ఉండాది", లేదంటే "తల నొస్తా ఉంది." ఆ 'ఎట్లో' లోపల ఏముందో విప్పడానికి తెలుగులో కావలసినన్ని మాటలున్నాయి. అమ్మ మీద ఉన్నది బెంగ. రేపు ఏమవుతుందోనన్నది భయం. కారణం తెలియకుండా గుండె మీద బరువులా కూర్చున్నది దిగులు. తోడికోడలికి జరిగిన మర్యాద నాకు జరగలేదన్నది ఉక్రోషం. నిద్రలేక వచ్చేది చిరాకు. మందు ఒక్కోదానికి ఒక్కోటి. బెంగకు ఒక ఫోన్ చాలు. చిరాకుకు పగటిపూట గంట నిద్ర కావాలి. ఉక్రోషానికి ఎవరితోనో ఒక మాట తేల్చుకోవాలి. అన్నింటినీ కలిపి 'టెన్షన్' అంటే ఏ మందూ తట్టదు. చూస్తున్న ముఖంలోని ఉద్వేగానికి పేరు పెడితే మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం నెమ్మదిస్తుందని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2007లో స్కానింగులు తీసి చూపించారు. పేరు పెట్టడమే సగం సముదాయింపు.

ఒళ్లే అదుపు తప్పినప్పుడు పేర్లు గుర్తుకు రావు. అప్పుడు ముందు ఊపిరి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. వదలడం పొడుగ్గా ఉండాలి, ఎందుకంటే ఊపిరి వదిలేటప్పుడే గుండె కాస్త నెమ్మదిస్తుంది. లెక్క కుదరనివాళ్లు మా తిరుపతిలో "గోవిందా" అని సాగదీసుకుంటూ వదులుతారు, చక్కగా కుదురుతుంది. యేసయ్యను తలుచుకునేవాళ్లు, అల్లాను తలుచుకునేవాళ్లు వాళ్ల మాటనే సాగదీసుకోవచ్చు. ఊపిరి బిగబట్టడం మాత్రం కడుపుతో ఉన్నప్పుడు వద్దు. నెలలు నిండేకొద్దీ వెల్లకిలా పడుకుని చేయడం కూడా వద్దు, కూర్చుని గానీ ఎడమ పక్కకు ఒత్తిగిలి గానీ చేయాలి. చల్లని నీళ్లతో ముఖం కడుక్కున్నా గుండె వేగం తగ్గుతుంది. దానికి ఐసు అక్కర్లేదు, కుండలో నీళ్లు చాలు.

ఊపిరి దారికి వచ్చాక 'ఇది నిజమా?' అని సరిచూసుకోవడం. దీనికి మన దగ్గర గ్రహణం కంటే మంచి ఉదాహరణ లేదు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. తిరుమల గుడి తలుపులు మూశారు. గ్రహణమప్పుడు కూడా తెరిచి ఉండే శ్రీకాళహస్తిలో అభిషేకాలు జరిగాయి. ఆ రెండింటి మధ్య ఊళ్లలో ఎంతమంది గర్భిణులు గదిలో కదలకుండా, గుక్కెడు నీళ్లు తాగకుండా పడుకుని ఉంటారో ఊహించుకోండి. పెదవి చీలి పుట్టడాన్ని మన భాషే 'గ్రహణం మొర్రి' అంది. భయం మాటలోనే ఉంది, తప్పు ఆ అమ్మాయిది కాదు. సరిచూసుకోవడం ఇలా ఉంటుంది: బిడ్డ పై పెదవి కలిసేది గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారంలోపు. నాకిప్పుడు ఏడో నెల. ఆ పెదవి ఎప్పుడో ఏర్పడిపోయింది. మొర్రికి కారణాలు జన్యువులు, తల్లికి అదుపులో లేని షుగర్, పొగాకు, కొన్ని రకాల మందులు. ఇది తెలిశాక ఇంట్లో పెద్దవాళ్లతో గొడవ పడాల్సిన పని లేదు. వాళ్ల తృప్తి కోసం గదిలో కూర్చోవచ్చు. కానీ నీళ్లు తాగాలి, తినాలి, వేసుకోవాల్సిన మాత్ర వేసుకోవాలి.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట ఒకటుంది. కొన్ని భయాలు సరిచూస్తే నిజమని తేలతాయి. బిడ్డ కదలిక తగ్గింది, రక్తం కనిపించింది, ఉమ్మనీరు పోతోంది, తలనొప్పితో పాటు చూపు మసకబారింది, ముఖం ఉబ్బింది. వీటిలో ఏది కనిపించినా ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు, 108కి ఫోన్ చేయాలి. మంచి భయం కాపలా కుక్క లాంటిది. ఊరికే మొరుగుతోందా, నిజంగా దొంగ వచ్చాడా అని చూడటమే మనం నేర్పేది.

దిగులుకు ఇంకో గుణం ఉంది, అది మనకు సలహాలిస్తుంది. తలుపేసుకో, పడుకో, ఎవరి ఫోనూ ఎత్తొద్దు అంటుంది. దాని మాట వింటే అది ఇంకా పెరుగుతుంది. అందుకే దానికి ఎదురు పని చేయమంటారు లైనహాన్. ఎదురు పని చిన్నదై ఉండాలి. సాయంత్రం వాకిట్లో అరుగు మీద పది నిమిషాలు కూర్చోవడం, వీధి చివరిదాకా నడిచి రావడం, అంతే. మూడ్ వచ్చాక చేద్దామనుకుంటే అది రాదు, చేశాక వస్తుంది.

తిండీ నిద్రా సంగతి అందరికీ తెలిసిందే, ఒక్కటే గుర్తు చేస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా వచ్చే నీరసం, చిరాకు అచ్చం దిగులులాగే ఉంటాయి. మనసు బాగాలేదన్న గర్భిణికి ఆ రెండు పరీక్షలూ చూడకుండా ధైర్యం చెప్పడం తొందరపాటు.

నేర్పడానికి అన్నింటికంటే కష్టమైంది అడగడం. మన కోడళ్లు అడగరు, ఎదుటివాళ్లే గుర్తించాలనుకుంటారు, గుర్తించకపోతే కుమిలిపోతారు. అందుకే మాటలు ముందే కూర్చుకుని, నోటితో అనిపించి చూడాలి. జరిగింది చెప్పాలి, ఎలా ఉందో చెప్పాలి, కావలసింది అడగాలి. "అత్తా, రాత్రంతా కాళ్లు పీకి నిద్ర లేదు. సంగటి కెలకాలంటే నడుము పట్టేస్తా ఉంది. ఈ వారం మీరు కెలికితే కూర నేను చూసుకుంటా." ఇందులో నింద లేదు, బతిమాలడమూ లేదు. ఒకామె ఇదే మాట నా దగ్గర నాలుగుసార్లు అభ్యాసం చేసి ఇంటికి పోయింది. మొదటి మూడుసార్లూ "అత్తా" దగ్గరే గొంతు పూడుకుపోయింది.

నేర్పినా తీరనివి

ఇవన్నీ నేర్పేసి, ఇక నీ మనసు నీ చేతిలోనే ఉందని ఆడదాని మీద భారం పెట్టడాన్ని నేను ఒప్పుకోను. తాగొచ్చి కొట్టే భర్తను ఊపిరి పీల్చి సంభాళించలేం. మగబిడ్డ కావాలని రోజూ పొడిచే ఇంట్లో, కట్నం బాకీ గుర్తుచేసే ఇంట్లో మారాల్సింది ఆమె ఆలోచన కాదు. అక్కడ అవసరమైంది 181 మహిళా హెల్ప్‌లైన్, అండగా నిలిచే పుట్టిల్లు, చట్టం.

అలాగే దిగులుకు, డిప్రెషన్‌కు మధ్య గీత తెలియాలి. రెండు వారాల పాటు దాదాపు రోజంతా మనసు కుంగిపోయి ఉండటం, దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, నేను పనికిరానిదాన్ననిపించడం ఉంటే డాక్టరుకు చూపించాలి. డిప్రెషన్‌ను గుర్తించడానికి 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. గడిచిన ఏడు రోజులు ఎలా గడిచాయో అడుగుతుంది. బాలింతల కోసం తయారైనా గర్భిణులకూ వాడుతున్నారు. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. దాని పదో ప్రశ్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని. ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనవాళ్లు భయపడతారు. అడిగినందువల్ల పుట్టదు. అడిగితే ఒంటరిగా మోస్తున్న బరువు దించుకుంటారు. అవునన్న మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే వైద్యం అందాలి. మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది, దాని నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందుల గురించి ఒక్క మాట. కడుపుతో ఉన్నప్పుడు కూడా వాడదగిన డిప్రెషన్ మందులు ఉన్నాయి. ముందు నుంచి వాడుతున్నవాళ్లు నెల తప్పిందని తెలియగానే భయంతో ఆపేయడం ప్రమాదం. ఆపాలా, మార్చాలా అన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. కాన్పయిన కొత్తలో మనిషి నిద్ర లేకుండా తిరుగుతూ, లేనివి ఉన్నట్టు మాట్లాడుతుంటే అది దెయ్యమూ గాలీ కాదు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే తీవ్రమైన జబ్బు, గంటల్లో ఆసుపత్రికి చేర్చాలి. బిడ్డను లాగేసుకుంటారన్న భయంతో ఈ జబ్బును దాచిపెడుతుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే వార్డే ఉంది.

ఎవరు నేర్పుతారు?

సైకియాట్రిస్టులే నేర్పాలంటే మన పల్లెలకు ఎప్పటికీ చేరదు. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో మన ఆశా కార్యకర్తల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. గర్భం చివరి నెల నుంచి బిడ్డకు పది నెలలు వచ్చేదాకా 16 సార్లు వెళ్లి మాట్లాడారు. 2008లో ఫలితాలు వచ్చాయి. కాన్పయిన ఆరు నెలలకు మామూలు సందర్శనలే దొరికిన తల్లుల్లో 53 శాతం మంది ఇంకా డిప్రెషన్‌లోనే ఉంటే, ఈ శిక్షణ అందినవాళ్లలో 23 శాతం మందే ఉన్నారు. తర్వాత ఆ పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసుకుని మాన్యువల్‌గా తెచ్చింది. గోవాలో ఇరుగుపొరుగు ఆడవాళ్ల చేతనే ఇలాంటిది చేయించి చూశారు, మేలు ఒక మోస్తరుగా కనిపించింది. వాళ్లు నేర్పిన పద్ధతి నేను పైన చెప్పినదానికి కొంత వేరు, ఆలోచనల మీద ఎక్కువ పనిచేస్తుంది. కానీ డిగ్రీలు లేని సాటి ఆడమనిషి కూడా నేర్పగలదని అది తేల్చింది.

మన దగ్గర ఇందుకు వసతి లేకపోలేదు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల ప్రత్యేక చెకప్ ఉంటుంది. ఆ రోజు వరసలో గంటలు గంటలు కూర్చుంటారు. ఆ కూర్చున్న సమయంలోనే, ఒక నెల ఊపిరి, మరో నెల పేర్లు, ఇంకో నెల అడగడం నేర్పవచ్చు. అయిదో నెలలో మొదలుపెడితే మేలు. అప్పటికి వేవిళ్లు తగ్గి ఉంటాయి, ఇంకా పుట్టింటికి పోయి ఉండదు. పుట్టింటికి పోతే ఊరు మారుతుంది, ఆశా కార్యకర్త మారుతుంది, మొదలుపెట్టింది తెగిపోతుంది. అందుకే అమ్మకు కూడా నేర్పాలంటాను, వీలైతే భర్తకూ.

ఆ రోజు బెంచీ దగ్గర నేను చేసింది చాలా తక్కువ. ఊపిరి వదలడం తల్లీకూతుళ్లిద్దరితో చేయించాను. "నా కాన్పులప్పుడు ఇట్లాంటిది ఎవురూ చెప్పలేదు" అంది అమ్మ. "ఇంటికి పోయినాక మర్చిపోతే?" అని అమ్మాయి అడిగితే, స్కానింగ్ కవరు వెనక నాలుగు మాటలు రాసిచ్చాను. పేరు. ఊపిరి. నిజమా. అడుగు.

వారం తర్వాత మళ్లీ స్కానింగుకు వచ్చినప్పుడు ఆ కవరు నా చేతికిచ్చింది. నా నాలుగు మాటల కింద అయిదోది ఉంది, ఆమె చేతిరాతలో: రాత్రి భయమైతే అమ్మను లేపాల.